నీరు నిలవని కొండలు: సోహ్రా జలపాతాల దారిలో

ఫిబ్రవరిలో నోహ్‌కలికై జలపాతం చూడటానికి వెళ్లినవారు చాలామంది నిరాశపడతారు. ఎక్కడా ఆగకుండా ఒకే దూకున కిందికి పడే జలపాతాలలో దేశంలోకెల్లా ఎత్తైనదని విని వస్తారు. తీరా చూస్తే 340 మీటర్ల కొండ అంచు నుంచి నూలుపోగులాంటి ధార ఒకటి వేలాడుతూ ఉంటుంది. అది కూడా సగం దారిలోనే గాలికి చెదిరి తుంపరైపోతుంది. అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని సోహ్రాలో ఎండాకాలం రాకముందే మంచినీళ్ల కోసం డబ్బాలు, బిందెలు పట్టుకుని ఊటల దగ్గరికి నడవాల్సిన పరిస్థితి. సోహ్రా అంటే మరేదో కాదు, బడి పుస్తకాల్లో అందరూ చదువుకున్న చిరపుంజి.

ఇక్కడ ఏడాదికి సగటున కురిసే వర్షం 11,777 మిల్లీమీటర్లు. హైదరాబాద్‌లో కురిసేది సుమారు 800 మిల్లీమీటర్లు. అంటే హైదరాబాద్‌కు పద్నాలుగేళ్లకు పైగా సరిపడే వాన ఇక్కడ ఒక్క ఏడాదిలో పడుతుంది. మరి ఆ నీరంతా ఏమవుతోంది? జవాబు కోసం పెద్దగా వెతకనక్కర్లేదు. గువాహటి నుంచి షిల్లాంగ్ మీదుగా సోహ్రా వరకు సుమారు 150 కిలోమీటర్ల రోడ్డు వెంట వచ్చే జలపాతాలను వరుసగా చూసుకుంటూ వెళితే సరిపోతుంది. వాటిని పుట్టించిన కారణాలే ఈ కొండలను వేసవికి ముందే ఎండబెడుతున్నాయి.

హిమాలయం కాని కొండ

గువాహటి సముద్రమట్టానికి 50 మీటర్ల పైచిలుకు ఎత్తులో, బ్రహ్మపుత్ర ఒడ్డున ఉంది. అక్కడి నుంచి దక్షిణానికి బయలుదేరిన రోడ్డు ఉమియం జలాశయం పక్కగా ఎక్కుతూ, మూడు గంటల్లో 1,500 మీటర్ల ఎత్తులోని షిల్లాంగ్‌కు చేరుస్తుంది. ఈశాన్యంలో ఉంది కాబట్టి ఇది హిమాలయాల్లో భాగమని చాలామంది అనుకుంటారు. కాదు. మేఘాలయ పీఠభూమికి చుట్టరికం దక్కన్‌తో. ద్వీపకల్ప భారతానికి అడుగున ఉన్న పురాతన శిలా ఫలకంలో ఇదొక ముక్క. రాజ్‌మహల్ కొండలకూ గారో కొండలకూ మధ్య నేల కుంగి, ఆ పల్లాన్ని గంగా, బ్రహ్మపుత్రలు తెచ్చిన ఒండ్రు పూడ్చేయడంతో ఇది ఒంటరిగా మిగిలినట్లు కనిపిస్తుంది.

భారత ఫలకం ఉత్తరంగా కదులుతూ ఆసియాను నెడుతున్న ఒత్తిడి ఈ ముక్క మీద కూడా పడుతోంది. దక్షిణపు అంచున, బంగ్లాదేశ్ సరిహద్దు వెంట దౌకి భ్రంశం ఉంది. ఉత్తరపు అంచున భూమి లోపల మరో భ్రంశం ఉందని రోజర్ బిల్హమ్, ఫిలిప్ ఇంగ్లండ్ 2001లో నేచర్ పత్రికలో ప్రతిపాదించారు. రెండు వైపులా నొక్కితే వేళ్ల మధ్య సబ్బు పైకి జారినట్లు, ఈ పీఠభూమి రెండు భ్రంశాల మధ్య పైకి లేస్తోందన్నది వారి వివరణ.

1897 జూన్ 12 సాయంత్రం వచ్చిన మహా భూకంపం ఆ లేవడంలో ఒక కుదుపు. దాని తీవ్రత 8 దాటి ఉంటుందని అంచనా. షిల్లాంగ్‌లో రాతి కట్టడాలన్నీ నేలమట్టమయ్యాయి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్ దీన్ని వివరంగా అధ్యయనం చేశారు. దూర దేశాల పరికరాల్లో నమోదైన ఈ భూకంప తరంగాలను పరిశీలించే, ఒకే భూకంపం నుంచి వేర్వేరు వేగాలతో వేర్వేరు రకాల తరంగాలు వస్తాయని ఆయన చూపగలిగారు. బిల్హమ్ బృందం ఉత్తరపు భ్రంశానికి ఆయన పేరే పెట్టింది.

ఈ భూకంపం గుర్తు ఒకటి షిల్లాంగ్ పొలిమేరల్లోనే, సోహ్రా రోడ్డుకు దగ్గరగా ఉంది. మూడు మెట్లుగా దిగే ఒక జలపాతం పక్కన ఏనుగులా కనిపించే బండ ఉండేదని బ్రిటిష్ వారు దానికి ఎలిఫెంట్ ఫాల్స్ అని పేరు పెట్టారు. ఆ బండ 1897లో విరిగిపడింది. ఇప్పుడు పేరే మిగిలింది, ఏనుగు లేదు. ఖాసీ భాషలో ఈ జలపాతానికి మూడు మెట్ల జలపాతం అన్న అర్థం వచ్చే పేరు ఉంది. అది ఇప్పటికీ సరిపోతోంది!

గాలి ఎక్కే మెట్టు

షిల్లాంగ్ దాటాక రోడ్డు చాలాసేపు ఉన్నత మైదానం మీద సాగుతుంది. బంగాళదుంప మళ్లు, పైన్ చెట్లు, ఎగుడుదిగుడు గడ్డినేలలు. మౌక్‌డోక్ అనే చోట వంతెన దగ్గర ఒక్కసారిగా కుడిఎడమలు తెరుచుకుని లోతైన లోయ కనిపిస్తుంది. ‘మౌ’ అంటే ఖాసీలో రాయి. ఈ దారిలో సగం ఊళ్ల పేర్లు ఆ మాటతోనే మొదలవుతాయి. పీఠభూమి దక్షిణపు అంచును నదులు కోసుకుంటూ లోపలికి వచ్చిన లోయలు ఇక్కడి నుంచి మొదలవుతాయి.

వాన సంగతి ఇక్కడ నిలబడి దక్షిణానికి చూస్తే అర్థమవుతుంది. బంగాళాఖాతం నుంచి వచ్చే నైరుతి గాలులకు బంగ్లాదేశ్ అంతటా అడ్డు అంటూ లేదు. సిల్హెట్ మైదానం సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంటుంది, వర్షాకాలంలో అందులో పెద్ద భాగం నీటిలోనే ఉంటుంది. గాలి ఆ తేమను కూడా మోసుకుంటూ వచ్చి, గోడలాంటి ఈ కొండ అంచును కొడుతుంది. గరాటుల్లాంటి లోయల్లోకి దూరి, కొద్ది కిలోమీటర్ల దూరంలోనే 1,300 మీటర్లకు పైగా ఎక్కాల్సి వస్తుంది. పైకి లేచిన గాలి వ్యాకోచించి చల్లబడుతుంది. చల్లబడిన గాలి మునుపటంత ఆవిరిని పట్టి ఉంచలేదు. ఆ మిగులే వర్షం. ఇక్కడ వాన జోరు ఎక్కువగా రాత్రిపూట, తెల్లవారుజామున ఉంటుంది. పగలు చూసిన వాగును బట్టి మర్నాటి వాగును ఊహించలేకపోవడానికి ఇదొక కారణం.

సోహ్రాకు పశ్చిమాన ఉన్న మౌసిన్‌రామ్ సగటు 11,872 మిల్లీమీటర్లతో ప్రస్తుతం మొదటి స్థానంలో ఉంది. అయితే రికార్డులు సోహ్రాకే ఎక్కువ. 1860 ఆగస్టు నుంచి 1861 జులై వరకు పన్నెండు నెలల్లో ఇక్కడ 26,461 మిల్లీమీటర్లు కురిసింది. 1995 జూన్ 15, 16 తేదీల్లో 48 గంటల్లో 2,493 మిల్లీమీటర్లు పడింది. ప్రపంచ వాతావరణ సంస్థ పట్టికలో రెండు రోజుల వర్షానికి అదే ప్రపంచ రికార్డు. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీరు. అంటే ఆ రెండు రోజుల్లో ప్రతి చదరపు మీటరు మీదా దాదాపు రెండున్నర వేల లీటర్లు! హైదరాబాద్‌లో మూడేళ్ల వాన అది.

అయితే సగటు అన్న మాట ఇక్కడ కొంత మోసం చేస్తుంది. జూన్, జులై రెండు నెలల్లోనే ఏడాది వర్షంలో దాదాపు సగం కురిసిపోతుంది. డిసెంబర్, జనవరి రెండూ కలిపినా 50 మిల్లీమీటర్లు ఉండదు.

అంచు ఎలా నిలబడింది?

సోహ్రా దగ్గర పడేకొద్దీ జలపాతాలు గుంపుగా వస్తాయి. రోడ్డుకు దగ్గరలోనే వా కబా, కాస్త పక్కకు వెళితే దైన్‌త్లెన్, దాని చేరువలో వెయ్ సాడాంగ్, ఊరికి ఆవల నోహ్‌కలికై, దక్షిణపు చివర మౌస్మాయ్ దగ్గర ఏడు పాయలుగా పడే నోహ్‌స్‌న్‌గితియాంగ్. పర్యాటకులకు ఇది సెవెన్ సిస్టర్స్‌గా తెలుసు.

ఏ నదికైనా తన దారిలోని ఎగుడుదిగుళ్లను కోసి చదును చేసుకునే పని ఉంటుంది. జలపాతం అంటే ఆ పని ఇంకా పూర్తికాని చోటు. సోహ్రా దగ్గర రాళ్లు పుస్తకాల దొంతరలా దాదాపు అడ్డంగా పరుచుకుని ఉన్నాయి. డైనోసార్ల కాలం చివరి నుంచి ఆ తర్వాతి యుగం వరకు, ఇక్కడ తీరమూ లోతులేని సముద్రమూ ఉన్నప్పుడు పేరుకున్న ఇసుకరాయి, సున్నపురాయి పొరలవి. కొన్ని గట్టివి, కొన్ని మెత్తనివి. పైనున్న గట్టి ఇసుకరాయి నీటి ధాటికి అంత త్వరగా అరగదు. కింద పడిన నీరు, దాని తుంపర మాత్రం మెత్తని పొరను తొలిచేస్తూ ఉంటాయి. కింద గూడు ఏర్పడి, పైపొర చూరులా ముందుకు వస్తుంది. ఆధారం పోయిన చూరు ఒకనాడు విరిగి పడుతుంది. జలపాతం అన్ని అడుగులు వెనక్కి జరుగుతుంది. నోహ్‌కలికై పాదం దగ్గర, ఆకుపచ్చ మడుగు చుట్టూ పడి ఉన్న పెద్ద పెద్ద బండలు ఇలా విరిగిపడినవే.

ఈ తీరులోనే నయాగరా గత 12,000 ఏళ్లలో సుమారు 11 కిలోమీటర్లు వెనక్కి నడిచింది. సోహ్రా లోయలు కూడా జలపాతాలు వెనక్కి జరిగిన దారులే. పీఠభూమి లేచేకొద్దీ నదికి కొత్తగా కోయాల్సిన ఎత్తు దొరుకుతూనే ఉంటుంది. అందుకే ఇంత వానకు కూడా ఈ అంచు అరిగి చదును కాలేదు.

దైన్‌త్లెన్ దగ్గర ఇంకో వింత చూడవచ్చు. వాగు తక్కువగా ఉన్న రోజుల్లో జలపాతం పైనున్న బండ మీద గుండ్రటి గుంతలు బయటపడతాయి. మనుషులను తినే త్లెన్ అనే మహా సర్పాన్ని ఊరంతా కలిసి ఇక్కడే నరికిందని, ఆ గాట్లే ఇవని ఖాసీ కథ. నీటి సుడిలో చిక్కిన గులకరాళ్లు గిర్రున తిరుగుతూ బండను తొలిచినప్పుడు ఇలాంటి గుంతలు పడతాయని భూవిజ్ఞానం చెబుతుంది. గుంత లోతయ్యేకొద్దీ రాయి అందులోంచి బయటపడటం కష్టమవుతుంది, ఇంకా లోతుగా తొలుస్తుంది. ఇంట్లో రోలు వాడకంతో లోతయ్యే తీరు తెలిసినవారికి ఇది కొత్త కాదు.

ఇక ఫిబ్రవరి నాటి నూలుపోగు సంగతి. గాలి అడ్డు లేకపోతే 340 మీటర్ల ఎత్తు నుంచి పడిన నీరు నేలను తాకేసరికి గంటకు 290 కిలోమీటర్లకు పైగా వేగం అందుకోవాలి. వర్షాకాలంలో ధార దట్టంగా ఉండి, తన వెంట గాలిని కూడా కిందికి లాక్కుపోతుంది కాబట్టి దెబ్బ బలంగానే పడుతుంది. నీరు తగ్గినప్పుడు ధార చుక్కలుగా విడిపోతుంది. పెద్ద వానచుక్క అయినా గాలిలో సెకనుకు తొమ్మిది మీటర్ల వేగం మించి పడలేదు, గాలి నిరోధం అంతకన్నా పోనివ్వదు. అంతకంటే చిన్నవి తుంపరగా పక్కకు కొట్టుకుపోతాయి. మడుగు చేరేది కొద్దిపాటి నీరే.

మెట్ల దారి

జలపాతాలను పైనుంచి చూసి తిరిగి వెళ్లేవారే ఎక్కువ. లోయలోకి దిగాలంటే టిర్నా నుంచి నోంగ్రియాట్‌కు వెళ్లే మెట్ల దారి ఉంది. మూడు వేలకు పైగా మెట్లు. దిగేటప్పుడు మోకాళ్లకు, ఎక్కేటప్పుడు ఊపిరికి పరీక్ష. దిగేకొద్దీ గాలి వెచ్చబడుతుంది, పైనున్న గడ్డినేల పోయి పోక, పనస, మిరియాల తోటలు వస్తాయి. చివర ఉమ్‌షియాంగ్ నది మీద రెండంతస్తుల సజీవ వంతెన ఉంది.

ఇది కట్టిన వంతెన కాదు, పెంచినది. రబ్బరు మర్రి చెట్టు కొమ్మల నుంచి దిగే ఊడలను వెదురు ఊతాల మీదుగానో, దొలిచిన పోక మానుల్లోంచో వాగు అవతలికి నడిపిస్తారు. అవి అక్కడి నేలలో నాటుకున్నాక లావెక్కుతాయి. పక్కపక్కన ఉన్న ఊడలు ఒకదానితో ఒకటి ఒరుసుకుని, కాలక్రమాన ఒకటిగా అతుక్కుపోతాయి. నడవడానికి పనికొచ్చేసరికి దశాబ్దాలు పడుతుంది. మొదలుపెట్టిన తరం దాని మీద నడవదన్నమాట. జర్మనీకి చెందిన ఫెర్డినాండ్ లుడ్విగ్, థామస్ స్పెక్, వారి సహచరులు ఇలాంటి 74 వంతెనలను పరిశీలించి 2019లో ఫలితాలు ప్రచురించారు. మామూలు చెక్క వంతెన ఈ వానకు కొద్ది ఏళ్లలో కుళ్లిపోతుంది, ఇనుము తుప్పు పడుతుంది. బతికి ఉన్న చెట్టు మాత్రం ఏటేటా గట్టిపడుతుంది. యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రతిపాదనల జాబితాలో 2022లో వీటికి చోటు దక్కింది.

ఖాసీలు వంతెనలను వాగుకు అంత ఎత్తున ఎందుకు పెంచారో వేసవిలో చూస్తే అర్థం కాదు. కింద మోకాలి లోతు నీరు, స్ఫటికంలా తేట. ఈ వాగులకు నీరందించే పరీవాహక ప్రాంతం చిన్నది, నిటారైనది, చాలా చోట్ల బండ బయటపడి ఉన్నది. అందుకే కొండపైన వాన పడటానికీ కింద వాగు పొంగటానికీ మధ్య వ్యవధి చాలా తక్కువ. లోయలో ఎండ కాస్తూ ఉండగానే పైన కురిసిన వాన వచ్చి పడవచ్చు. తేట నీరు ఉన్నట్టుండి మట్టిరంగుకు తిరగడం, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకురావడం, వాగు శబ్దం మారడం అందుకు గుర్తులు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే గట్టెక్కాలి, సామాన్లు సర్దుకోవడానికి కూడా ఆగకూడదు.

వెయ్ సాడాంగ్ లాంటి చోట్ల మడుగు అందం చూసి దూకేవారికి మరో ప్రమాదం ఉంది. ధార పడే చోట నీరు తెల్లగా నురగలు కక్కుతుంది. ఆ తెలుపు గాలి బుడగలది. బుడగలు నిండిన నీటి సాంద్రత తక్కువ, కాబట్టి అది మనిషిని మామూలు నీటిలా పైకి తేల్చదు. పైగా కిందికి దూకిన నీరు అడుగు తాకి చుట్టూ పైకి లేచి, మళ్లీ ధార వైపే తిరుగుతుంది. ఆ చక్రంలో చిక్కితే ఈత వచ్చినవారికి కూడా బయటపడటం కష్టం. ఒడ్డున తడి బండల మీద నాచు జారుడు సరేసరి.

అంత నీరు ఎక్కడికి?

మౌస్మాయ్ దగ్గర సెవెన్ సిస్టర్స్ ఎదురుగా నిలబడితే, పొగమంచు విడిచిన క్షణాల్లో బంగ్లాదేశ్ మైదానం కనిపిస్తుంది. 315 మీటర్లు పడే ఈ పాయలు వర్షాకాలంలోనే ఉంటాయి. నీరు పోయేది ఆ మైదానానికే. 2022 జూన్ 17న మౌసిన్‌రామ్‌లో ఒక్క రోజులో 1,003.6 మిల్లీమీటర్లు నమోదైంది. ఆ రోజుల్లోనే దిగువన సిల్హెట్, సునామ్‌గంజ్ జిల్లాలు మునిగిపోయాయి, లక్షల మంది చిక్కుకుపోయారు.

కొండ మీద నీరు ఎందుకు ఆగదన్న ప్రశ్నకు పోలండ్ భూగోళ శాస్త్రవేత్త లెషెక్ స్టార్కెల్, భారత శాస్త్రవేత్త సురేంద్ర సింగ్ ఏళ్ల తరబడి ఇక్కడ పరిశోధించారు. సోహ్రా చుట్టూ ఒకప్పటి అడవి పోయింది. ఖాసీ కొండల్లో ఇనుము కరిగించే పని రెండు వేల ఏళ్ల నాటిదని తవ్వకాల్లో దొరికిన బొగ్గు వయసు చెబుతోంది. కొలిమికి బొగ్గు కావాలి, బొగ్గుకు చెట్లు కావాలి. తర్వాత సున్నం బట్టీలు, బొగ్గు గనులు వచ్చాయి. చెట్టు పోయాక వాన నేరుగా నేలను కొట్టి, మెత్తని మట్టిని కడిగేసింది. మిగిలింది ముతక కంకర, దాని మీద పలుచని గడ్డి. ఈ కంకర పొర కవచంలా పనిచేస్తోంది కాబట్టి ఇప్పుడు కోత మరీ ఎక్కువగా లేదు, కోయడానికి మట్టి మిగిలితే కదా! నీటిని స్పాంజిలా పట్టి ఉంచి నెమ్మదిగా వదిలే మట్టి పోవడమే అసలు నష్టం.

బండలోకి ఇంకిన నీటిది ఇంకో దారి. వాననీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని బలహీనమైన ఆమ్లంగా మారి, సున్నపురాయిని కరిగిస్తుంది. పగుళ్లు సొరంగాలవుతాయి, సొరంగాలు గుహలవుతాయి. మౌస్మాయ్ గుహలో టికెట్ కొని నడవవచ్చు. అటువంటి నేలలో నీరు ఊటగా నిలవకుండా సొరంగాల గుండా వేగంగా పారిపోతుంది.

సోహ్రా పక్కనే ఉన్న మౌమ్లూ గుహ మాత్రం పోయిన నీటి లెక్క రాసిపెట్టింది. పైకప్పు నుంచి పడే చుక్కల్లోని సున్నం నేల మీద పొరలుగా పేరుకుని స్తంభంలా పెరుగుతుంది. ఆ పొరల్లోని ఆక్సిజన్ ఐసోటోపుల నిష్పత్తి ఆ కాలపు వానలను సూచిస్తుంది. ఇక్కడి ఒక స్తంభంలో సుమారు 4,200 ఏళ్ల కిందట రుతుపవనాలు బలహీనపడిన జాడ స్పష్టంగా ఉంది. 2018లో అంతర్జాతీయ భూవిజ్ఞాన సంఘం ప్రస్తుత కాలానికి ‘మేఘాలయన్ యుగం’ అని పేరు పెట్టి, దాని ఆరంభానికి ఈ స్తంభాన్నే కొలబద్దగా ఎంచుకుంది. మనమంతా ఉన్నది మేఘాలయన్ యుగంలోనే.

తిరుగు ప్రయాణంలో షిల్లాంగ్‌కు ముందు పక్కదారి పట్టి మౌఫ్లాంగ్ వెళితే, చుట్టూ బోడి గడ్డినేల మధ్య గీత గీసినట్లు మొదలయ్యే దట్టమైన అడవి కనిపిస్తుంది. అది దేవర అడవి. అందులోంచి ఆకు కూడా బయటికి తీసుకుపోకూడదన్నది ఊరి కట్టుబాటు. లోపల అడుగు పెడితే కాలి కింద రాలిన ఆకులు, కుళ్లిన మానులు, వాటి మీద నాచు, ఆ అడుగున తడి మట్టి. సోహ్రా కంకర మీద నడిచి వచ్చినవారికి తేడా పాదాలకే తెలుస్తుంది. రెండు చోట్లా పీఠభూమి ఒకటే, అయితే మౌఫ్లాంగ్‌లో వాన సోహ్రా కంటే చాలా తక్కువ.

హిమాలయ ప్రాంతంలో, ఈశాన్యంతో కలిపి, దాదాపు సగం ఊటలు ఎండిపోతున్నాయనో తగ్గిపోతున్నాయనో నీతి ఆయోగ్ 2018 నివేదిక హెచ్చరించింది. మేఘాలయలో పల్లెలకు తాగునీరు ఎక్కువగా ఈ ఊటల నుంచే వస్తుంది. ఊటకు నీరందించే వాలును గుర్తించి, అక్కడ అడ్డుకాలువలు తవ్వి, చెట్లు నాటి, వాననీరు నేలలోకి ఇంకేలా చేసే పనులు కొన్నిచోట్ల సాగుతున్నాయి. ఫలితం తెలుసుకోవడానికి ఖరీదైన పరికరమేమీ అక్కర్లేదు. ఒక బకెట్, సెకన్లు చూపించే గడియారం చాలు. ఊట కింద బకెట్ పెట్టి, అది నిండటానికి ఎంతసేపు పట్టిందో నెలనెలా రాసుకుంటారు. జులైలో క్షణాల్లో నిండుతుంది, ఆ అంకెను చూసి ఎవరూ సంతోషపడరు. అందరూ చూసేది ఫిబ్రవరి అంకె.